మురుగు శుద్ధి కేంద్రాల దుర్వాసన నియంత్రణ: ఉత్తేజిత కర్బన వడపోత, ఉత్తరాంధ్ర పరిస్థితులు

మురుగునీటి శుద్ధి కేంద్రాలు, పంపింగ్ స్టేషన్లు, సెప్టిక్ ట్యాంకుల మడ్డిని శుద్ధి చేసే కేంద్రాల నుంచి వెలువడే దుర్గంధ వాయువులను మూతల కింద పట్టి, ఫ్యానుతో లాగి, ఉత్తేజిత కర్బనపు పొర గుండా పంపి, వాసన తీసిన గాలిని బయటికి వదిలే విధానాన్ని కర్బన వడపోత అంటారు. ఇది నీటిని శుద్ధి చేసే ప్రక్రియ కాదు. శుద్ధి జరిగే చోట పుట్టే గాలిని మాత్రమే శుభ్రపరుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితుల్లో ఈ విధానం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, దానికి కావలసిన ముడిసరుకు ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో ప్రధానాంశాలు.

వాసన పుట్టుక

తాజా మురుగుకు కంపు తక్కువ. అది నిలిచిపోయి, అందులో కరిగిన ఆక్సిజన్ అయిపోయిన తర్వాతే అసలు దుర్వాసన మొదలవుతుంది. ఆక్సిజన్ లేని చోట డిసల్ఫోవిబ్రియో వంటి సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. పైపుల లోపలి గోడలకు పట్టిన జిగురుపొర, గొట్టాల అడుగున పేరుకున్న ఒండ్రు, సెప్టిక్ ట్యాంకుల మడ్డి వీటి ప్రధాన స్థావరాలు.

కుళ్లిన గుడ్డు వాసన ఈ వాయువుదే. గాలిలో దశలక్షలో ఒక పాలుకు, అంటే ఒక పీపీఎంకు, ఎంతో తక్కువ మోతాదులోనే మనిషి ముక్కు దీన్ని పసిగడుతుంది. గాలి కంటే సుమారు 1.19 రెట్లు బరువైనది కాబట్టి గోతుల్లో, మ్యాన్‌హోళ్లలో అడుగున నిలుస్తుంది. నీటి ఆమ్ల క్షార స్థితి (పీహెచ్) 7 దగ్గర ఉన్నప్పుడు కరిగిన సల్ఫైడులో దాదాపు సగం వాయురూపంలో బయటపడే స్థితిలో ఉంటుంది. నీరు ఆమ్లత్వం వైపు జరిగేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. నీటిని ఎత్తునుంచి పడేసినా, బలంగా కలియబెట్టినా కరిగిన వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. శుద్ధి కేంద్రంలో మురుగు వచ్చి పడే తొట్టి, చెత్త జల్లెడ, ఇసుక తొట్టి, మడ్డిని చిక్కబరిచే తొట్టి, మడ్డి పిండే గది ఎక్కువ కంపు కొట్టడానికి కారణం ఇదే. గాలి బాగా అందే ఏరేషన్ తొట్టి దగ్గర మామూలుగా మట్టి వాసన మాత్రమే ఉంటుంది. అక్కడా కంపు వస్తోందంటే బ్లోయర్లు సరిగా నడవడం లేదని అనుమానించాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కటే కాదు. మెర్కాప్టాన్లు, డైమిథైల్ సల్ఫైడ్, అమోనియా, అమీన్లు, ఇండోల్, స్కాటోల్, బ్యుటిరిక్ ఆమ్లం వంటివి కూడా కలుస్తాయి. వంటగ్యాసు లీకైతే తెలియడానికి సిలిండర్‌లో కలిపేది మెర్కాప్టాన్ల కుటుంబానికి చెందినదే. ఎండుచేపల వాసనలో ప్రధానమైన ట్రైమిథైల్ అమీన్ మడ్డి పిండే గదుల్లోనూ కనిపిస్తుంది. ఒక్కో వాయువు కర్బనానికి చిక్కే తీరు వేరు. అందువల్ల ఏ వాయువు ఎంత ఉందో కొలవకుండా వడపోతను ఎంచుకోవడం డబ్బు దండగ.

ప్రాంతీయ నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడింది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ 2015లో నగరపాలక సంస్థలయ్యాయి. అదే ఏడాది కేంద్రం ప్రారంభించిన అమృత్ పథకంలోనూ చోటు పొందాయి. శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన కలుషిత నదీ భాగాల్లో నాగావళికి సంబంధించినదీ ఉంది.

పెద్ద నగరాల్లో దుర్వాసన చర్చ శుద్ధి కేంద్రం ప్రహరీ దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న రోజుకు 339 మిలియన్ లీటర్ల కేంద్రం, విశాఖ సముద్రతీరంలోని అప్పుఘర్ కేంద్రం అలాంటివి. ఉత్తరాంధ్ర చిన్న పట్టణాల సంగతి వేరు. ఇక్కడ ఇళ్లలో అధికభాగం సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడి ఉంది. వాడకం నీరు పక్క కాలువల్లోకి, అక్కడి నుంచి గెడ్డల్లోకి, చెరువుల్లోకి పోతుంది. కంపుకు మూలం ఒక్కచోట లేదు, ఊరంతా పరుచుకుని ఉంది. కాలువకు కర్బన వడపోత పెట్టడం కుదరదు. పట్టి, మూసి, లాగగలిగిన గాలికే ఈ విధానం వర్తిస్తుంది.

ఈ ప్రాంతంలో దాని అవసరం ఉన్న చోట్లు నాలుగు రకాలు. ఆసుపత్రులు మొదటివి: 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ద్రవ వ్యర్థాలను శుద్ధి చేయకుండా వదలకూడదు. రెండోవి పెద్ద భవన సముదాయాలు: 20,000 చదరపు మీటర్లు, అంతకుమించి నిర్మాణం ఉంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి. సొంత శుద్ధి కేంద్రం ఆ అనుమతి షరతుల్లో మామూలుగా ఉంటుంది. అపార్టుమెంటు సెల్లారులో పెట్టే చిన్న కేంద్రాలకు ఊరి చివరి పెద్ద కేంద్రం కంటే వాసన సమస్య తీవ్రం, ఎందుకంటే పైన మనుషులు నివసిస్తారు. మూడోది పైడిభీమవరం వంటి మందుల పరిశ్రమల ప్రాంతం. అక్కడి ద్రావకాల ఆవిర్లు ఇంటి మురుగు వాసనకు భిన్నమైనవి, వాటి వడపోత లెక్కలూ వేరు. నాలుగోది సెప్టిక్ ట్యాంకర్ల మడ్డిని దించే కేంద్రాలు. ఏళ్ల తరబడి గాలి తగలకుండా మురిగిన మడ్డిని ట్యాంకరు గుమ్మరించే ఆ పది నిమిషాల్లో వెలువడే వాయువు, అదే కేంద్రం మిగతా రోజంతా వదిలేదాని కంటే ఘాటైనది.

సముద్రం దగ్గరుండటం కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. తీరప్రాంత బోర్లలోకి ఉప్పునీరు చొచ్చిన చోట, పగిలిన గొట్టాల్లోకి ఉప్పు ఊటనీరు చేరిన చోట మురుగులో సల్ఫేటు పెరుగుతుంది. నౌపడ ఉప్పు మడుల పరిసరాలు, భీమునిపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న మత్స్యకార గ్రామాలు ఈ కోవలోవి. వేసవి వేడిలో సూక్ష్మజీవుల పని రెట్టింపు వేగంతో సాగుతుంది. పగలు సముద్రపు గాలి, రాత్రి నేలగాలి వీచే తీరంలో ఒకే కేంద్రం కంపు పొద్దున ఒక వీధికి, సాయంత్రం మరో వీధికి చేరుతుంది. శీతకాలపు తెల్లవారుజామున గాలి కదలక వాసన నేలబారుగా నిలిచిపోతుంది.

ఈ ప్రాంతవాసులకు పరిచయమైన మరో కంపును ఇక్కడ ప్రస్తావించాలి. గోగుకట్టలను చెరువుల్లో ఊరవేసినప్పుడు పుట్టేది కూడా ఆక్సిజన్ లేని కుళ్లుడే. నెల్లిమర్ల, విజయనగరం జూటుమిల్లులకు నార అందించిన ఊళ్లు దాన్ని సాగులో భాగంగానే భరించాయి. మురుగు కంపును అలా ఎవరూ భరించరు. రసాయనాలు చాలావరకు ఒకటే అయినా ఫిర్యాదులు ఒకదానిమీదే వస్తాయి.

చరిత్ర

బొగ్గు వాయువులను పట్టుకుంటుందని కార్ల్ షీలే 1773లో గమనించాడు. 1785లో లోవిట్జ్ ద్రావణాల రంగు తీయడానికి బొగ్గును వాడాడు. మురుగు కంపుకు బొగ్గును ఉపయోగించిన వారిలో స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త జాన్ స్టెన్‌హౌస్ ముఖ్యుడు. 1854లో ఆయన బొగ్గు పొరతో గాలి వడపోతను, ముఖానికి తొడిగే శ్వాస పరికరాన్ని రూపొందించాడు. భూగర్భ మురుగు కాలువల గాలిగొట్టాలకు బొగ్గు పళ్లాలు అమర్చే ప్రయత్నాలు ఆ తర్వాత లండన్‌లో జరిగాయి. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనానికే చేరడంతో జోసెఫ్ బాజల్‌గెట్ మురుగు కాలువల నిర్మాణానికి నిధులు దొరికాయి.

సాధారణ బొగ్గును ఉత్తేజితం చేసే పారిశ్రామిక పద్ధతులకు రఫాయెల్ ఫాన్ ఓస్ట్రెయ్‌కో 1900, 1901లో పేటెంట్లు పొందాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల ముసుగుల కోసం కొబ్బరి చిప్ప బొగ్గుకు గిరాకీ పెరిగింది. సందులు చిన్నవి, గింజ గట్టిది కావడమే దాని ప్రత్యేకత. (చూ. విషవాయువు ముసుగు)

తెలుగు నేలపై ఆధునిక మురుగు వ్యవస్థకు ఆద్యం 1908 మూసీ వరద తర్వాతి హైదరాబాద్. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు మురుగు పారుదల పథకాన్నీ రూపొందించారు. సెప్టిక్ మడ్డి విషయంలో వరంగల్ 2016లో నిబంధనలు తెచ్చిన తొలి భారతీయ నగరాల్లో ఒకటి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో నెలకొల్పిన మడ్డి శుద్ధి కేంద్రం మడ్డిని ఆరబెట్టి, ఆక్సిజన్ అందకుండా కాల్చి బొగ్గుగా మార్చే పద్ధతిలోది. ఉత్తేజిత కర్బనం తయారీలోని తొలి అంచె కూడా అలాంటిదే.

కర్బనం తయారీ, ఉద్దానం కొబ్బరి

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ఉద్దానం కొబ్బరితోటలకు పేరు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను పెద్ద ఎత్తున కూల్చింది. కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ నష్టం ఒక్క ఏడాదితో పోయేది కాలేదు.

కొబ్బరి చిప్పలను గాలి తగలని గోతిలో గానీ బట్టీలో గానీ కాల్చితే బరువులో మూడోవంతుకు కొంచెం తక్కువ బొగ్గు వస్తుంది. దాన్ని 900 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ఆవిరితో ఉత్తేజితం చేసినప్పుడు అందులో సగం, ఒక్కోసారి అంతకు మించి తరుగుతుంది. అంటే 100 కిలోల చిప్పల నుంచి సుమారు 10 నుంచి 15 కిలోల ఉత్తేజిత కర్బనం. గ్రాము కర్బనంలోని లోపలి ఉపరితలం 1,000 చదరపు మీటర్లు దాటవచ్చు. మొదటి అంచె ఏ ఊళ్లోనైనా సాధ్యం, కానీ గోతిలో కాల్చితే పొగ ఊరిమీదికి వస్తుంది. రెండో అంచెకు కర్మాగారం కావాలి. దేశంలో ఈ పరిశ్రమ తమిళనాడు, కేరళ వైపు కేంద్రీకృతమైంది. పలాస జీడి పరిశ్రమలో మిగిలే తొక్కల సంగతి వేరు. వాటిలోని నూనె విలువైనది, తొక్క సందులు చిప్పంత బాగుండవు. నాణ్యత పరీక్షలకు భారత ప్రమాణం ఐఎస్ 877 ఆధారం. (చూ. కొబ్బరి పరిశ్రమ, ఉద్దానం)

పనిచేసే తీరు, రకాలు

వాయు అణువులు కర్బనపు సందుల గోడలకు అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. మెర్కాప్టాన్ల వంటి బరువైన సేంద్రియ అణువులు సులభంగా చిక్కుతాయి. తేలికైన హైడ్రోజన్ సల్ఫైడ్ అంత తేలిగ్గా చిక్కదు, అమోనియా దాదాపు చిక్కనే చిక్కదు. అందుకే కర్బనానికి అదనపు గుణాలు కల్పిస్తారు.

సాదా కర్బనం సేంద్రియ వాసనలకు చాలు. ఒక ఘనసెంటీమీటరు పొర హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సుమారు 0.01 నుంచి 0.03 గ్రాముల వరకే పడుతుంది. సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ పట్టించిన కర్బనంలో ఈ సామర్థ్యం 0.12 గ్రాముల పైచిలుకు. క్షారం ఆమ్లవాయువును కరిగించుకుంటుంది, గాలిలోని ఆక్సిజన్ దాన్ని గంధకంగా మారుస్తుంది. కర్బనపు ఉపరితలాన్నే ఉత్ప్రేరకంగా మలచిన మరో రకం వాయువును గంధకంగా, సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. దాన్ని నీటితో కడిగి కొంతవరకు మళ్లీ వాడుకోవచ్చు. అమోనియాకు ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించిన రకం అవసరం. మడ్డి పిండే గదిలో హైడ్రోజన్ సల్ఫైడ్, అమోనియా రెండూ ఉంటే రెండు పొరలు వేస్తారు.

తేమ ప్రభావం రెండు రకాలుగా ఉంటుంది. గాలి తేమ 60, 70 శాతం దాటితే సాదా కర్బనపు సందుల్లో నీరు చేరి సేంద్రియ వాసనలకు చోటు తగ్గుతుంది. క్షారం పట్టించిన రకానికి మాత్రం కొంత తేమ లేకపోతే చర్య జరగదు. కళింగపట్నం తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తడిగానే ఉంటుంది. మురుగు తొట్టి మీది గాలి ఎక్కడైనా సంతృప్తస్థితికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి నీటిబొట్లను పట్టే జల్లెడ వడపోతకు ముందు తప్పనిసరి. సాదా కర్బనం వాడితే గాలిని కొద్దిగా వేడిచేసే ఏర్పాటు కూడా చేస్తారు.

వడపోత కొలతలు: ఒక నమూనా లెక్క

పంపింగ్ స్టేషన్ గుంటలో నీటిమట్టం పైన 100 ఘనమీటర్ల గాలి ఉందనుకుందాం. గంటకు 10 సార్లు ఆ గాలిని మార్చాలంటే గంటకు 1,000 ఘనమీటర్లు లాగాలి. గాలిలో సగటున 20 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ఘనమీటరుకు సుమారు 28 మిల్లీగ్రాములు, గంటకు 28 గ్రాములు, రోజుకు 670 గ్రాముల చిల్లర.

పొర గుండా గాలి వేగం సెకనుకు 0.25 మీటర్లు ఉంచితే 1.1 చదరపు మీటర్ల అడ్డుకోత కావాలి, అంటే దాదాపు 1.2 మీటర్ల వ్యాసం గల డ్రమ్ము. 0.9 మీటర్ల మందంతో పొర వేస్తే కర్బనం ఒక ఘనమీటరు అవుతుంది, గాలి అందులో 3.6 సెకన్లు గడుపుతుంది. క్షారం పట్టించిన రకం 120 కిలోల వాయువు పట్టగలదు, కాబట్టి ఆరు నెలలు. సాదా రకానికి 20 కిలోలు, కాబట్టి ఒక నెల. వాయువు 5 పీపీఎం మాత్రమే ఉంటే క్షారపు రకం రెండేళ్ల దాకా నడుస్తుంది. ఇవి ప్రయోగశాల సామర్థ్యంతో వేసిన లెక్కలు, వాస్తవంలో తగ్గుతాయి.

ఈ లెక్క చెప్పేది స్పష్టం. గాఢత ఎక్కువున్న చోట కర్బనాన్నే మొదటి, ఏకైక అంచెగా పెడితే కొన్నాళ్లకు మార్చే ఖర్చు భరించలేక వడపోతను ఖాళీ డ్రమ్ముగా వదిలేస్తారు. వాసన తగ్గించే పని ముందే జరిగి, మిగిలిన కొద్దిపాటిని తుడిచేయడానికి కర్బనం చివర ఉండాలి. టెండర్లలో ఈ వరుస తరచూ తలకిందులవుతుంది. కొనుగోలు ధర రాస్తారు, మార్పిడి ఖర్చు రాయరు.

ఇతర పద్ధతులతో పోలిక

మొదటిది మురుగును నిలవనీయకపోవడం. పంపులను చిన్న విరామాలతో నడపడం, గుంట అడుగు ఒండ్రును తీయడం, ట్యాంకరు గొట్టాన్ని నీటిమట్టం కిందికి దించి మడ్డి పోయడం, ఇవేవీ పెద్ద ఖర్చు లేనివి. కాల్షియం నైట్రేటు వేస్తే సూక్ష్మజీవులు సల్ఫేటుకు బదులు నైట్రేటును వాడుకుంటాయి. ఫెర్రిక్ క్లోరైడ్ పుట్టిన సల్ఫైడును ఇనుముతో బంధించి నల్లటి అవక్షేపంగా చేస్తుంది. సున్నం వేస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ తగ్గుతుంది గానీ అమోనియా పైకి వస్తుంది.

గాఢమైన గాలికి జీవ వడపోత నప్పుతుంది. తడి మాధ్యమంపై పెరిగే సూక్ష్మజీవులు వాయువును తినేస్తాయి. కొబ్బరి పీచు, డొక్క ముక్కలు అందుకు పనికొచ్చే మాధ్యమాల్లో ఉన్నాయి. అంటే ఉద్దానం కొబ్బరికాయలో పీచు జీవ వడపోతకు, చిప్ప కర్బనానికి ఉపయోగపడతాయి. జీవ వడపోతకు స్థలం ఎక్కువ కావాలి, నిరంతరం తడపాలి. రోజుల తరబడి కరెంటు లేకపోతే సూక్ష్మజీవులు చస్తాయి. తుపానుల జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. కర్బనానికి ఆ బెడద లేదు. ఫ్యాను తిరిగిన క్షణం నుంచే పనిచేస్తుంది. పెద్ద కేంద్రాల్లో జీవ వడపోత ముందు, కర్బనం వెనుక ఉంచడం మంచి అమరిక. సెల్లారు కేంద్రాల్లో స్థలం లేక కర్బనం ఒక్కటే పెడతారు. (చూ. జీవ వడపోత, మురుగు శుద్ధి)

చట్టం, ప్రమాణాలు

2009 జాతీయ పరిసర వాయు నాణ్యత ప్రమాణాల్లో అమోనియాకు పరిమితి ఉంది, 24 గంటల సగటు ఘనమీటరుకు 400 మైక్రోగ్రాములు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అందులో చోటు లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన కాలుష్యంపై మార్గదర్శకాలు వెలువరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాసన ఇబ్బంది కలగకుండా అరగంట సగటు ఘనమీటరుకు 7 మైక్రోగ్రాములు మించరాదని సూచించింది. కర్మాగారాల చట్టం కార్మికులకు 8 గంటల సగటున 10 పీపీఎం పరిమితి విధించింది. రెంటికీ వెయ్యి రెట్లకు మించిన తేడా ఉంది: కార్మికుడికి చట్టబద్ధంగా సురక్షితమైన గాలి ప్రహరీ అవతలి ఇంటికి భరించరానిది.

పౌరులు ఆశ్రయించగలిగేది ప్రజా ఉపద్రవాల నిబంధన. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసులో సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన తీర్పు బహిరంగ మురుగు, కంపుకు సంబంధించినదే. నిధుల లేమి సాకుతో పురపాలక సంఘం తన బాధ్యత తప్పించుకోలేదని ఆ తీర్పు తేల్చింది. అప్పటి నేర విచారణ స్మృతి 133వ సెక్షను స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షను ఉంది.

నిర్వహణ, భద్రత

వడపోత పని అయిపోయిందని ముక్కుతో తేల్చుకోవడం ఆలస్యమైన పద్ధతి. పొర మందం పొడవునా రెండు మూడుచోట్ల నమూనా కుళాయిలు పెట్టి వాయువును కొలుస్తారు. మధ్య కుళాయి దగ్గర వాయువు కనబడగానే కొత్త సరుకుకు ఆర్డరు పెట్టాలి. ఫ్యాను మీద ఒత్తిడి పెరిగితే దుమ్ము గానీ గంధకం గానీ పొరను మూసేసిందని అర్థం.

క్షారం పట్టించిన కర్బనం సాదా దానికంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. గాలి ఆగిన పొరలో చర్యల వేడి బయటికి పోక నిప్పు పుట్టిన సందర్భాలున్నాయి. అందువల్ల ఉష్ణోగ్రత కొలిచే పరికరం, నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. పొర మార్చేటప్పుడు చేతులకు క్షారం తగులుతుంది. తడి కర్బనం చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది కాబట్టి డ్రమ్ములోకి మనిషి దిగడం ప్రాణాంతకం.

100 పీపీఎం దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. కంపు ఆగిపోయిందనుకుని లోపలికి దిగినవాడు నిజానికి ఎక్కువ గాఢతలో ఉంటాడు. 500 పీపీఎం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతకు రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దించడాన్ని నిషేధించింది. కర్బన వడపోత వాసనను తీస్తుంది గానీ గుంటలోని ప్రమాదాన్ని తీయదు. ఫ్యాను నడుస్తున్నా గ్యాస్ మీటరు లేకుండా మూత తెరవకూడదు.

వాడేసిన కర్బనంలో గంధకం, క్షారం, సేంద్రియ పదార్థాలు పేరుకుని ఉంటాయి. ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద పరీక్షించి, అనుమతి ఉన్న సంస్థకు అప్పగించాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం నిండిన పొరను కడిగిన నీటిని నేరుగా కాలువలోకి వదిలితే అది సిమెంటు గొట్టాలను తినేస్తుంది. సున్నంతో తటస్థం చేసి శుద్ధి కేంద్రం మొదటి తొట్టిలోకే కొద్దికొద్దిగా పంపాలి.